పాదచారి వినోబా

తెలుగువారికి నడక ఒక చోటి నుండి మరియొక చోటికి చేరుటకు సాధనము మాత్రమే కాదు. అలిపిరి మెట్లెక్కి మోకాళ్ళ పర్వతము మీదుగా తిరుమల చేరువాడు గాని, ఉగాదికి కన్నడదేశము నుండి నల్లమల అడవుల వెంబడి శ్రీశైలమునకు వచ్చువాడు గాని, బండి దొరకక నడచుట లేదు. నడకయే ఆ యాత్రలో మొక్కు. గుడిలో జరుగు దర్శనము ఎంత పూజయో, గుడి చేరువరకు వేసిన అడుగులు కూడ అంత పూజయే యని మన పెద్దల నమ్మకము.

హైదరాబాదునకు పడమట, చేవెళ్ల మొయినాబాదు ప్రాంతములో, ఈ నమ్మకమునకు చక్కని నిదర్శన మున్నది. ఉస్మాన్ సాగరమునకు చేరువలో చిలుకూరు బాలాజీ దేవాలయము కలదు. ఏటేట తిరుపతికి పోయివచ్చు భక్తు డొకడు జబ్బుపడి కదలలేకపోగా, స్వామి కలలో కనిపించి తాను దగ్గరి అడవిలోనే యున్నానని చెప్పెనట. ఇది స్థలపురాణము. నేటికిని ఆ గుడిలో హుండీ లేదు. కోరిక కోరుకొనువారు 11 ప్రదక్షిణములు చేయుదురు. అది తీరిన తరువాత 108 చేయుదురు. చిన్న మంగళారము మొదలైన చుట్టుపట్ల గ్రామములవారు ఎరిగిన ఈ స్వామికి భక్తులు చెల్లించు కానుక ధనము కాదు, అడుగులు.

ఆ చిన్న మంగళారమునకు తూర్పుగా, ఇంచుమించు ఒక పూట నడక దూరములో, శివరాంపల్లి యున్నది. 1951 ఏప్రిల్ నెలలో ఒక బక్కపలుచని మనిషి వార్ధా ప్రాంతము నుండి సుమారు 300 మైళ్ళు నడచి అక్కడికి వచ్చెను. అప్పటి కాయన వయస్సు 55 సంవత్సరములు. అక్కడి నుండి తెలంగాణ పల్లెలలోనికి వేసిన అడుగులు మరి కొన్ని నెలలకు దేశమంతటికి మరలెను. 1964 వరకు ఆ నడక సాగెను. ఆయనయే ఆచార్య వినోబా భావే. భూదాన ప్రవర్తకుడుగా ఆయనను ఎరుగనివారు లేరు. కాని ఆయన నడక భూదానము కొరకు కుదుర్చుకొన్న ఉపాయము కాదు. భూదానమునకు పూర్వమే అది ఆయనకు ఉపాసన. ఆ ఉపాసన ఎట్లు పుట్టినదో, ఎచ్చటికి చేర్చినదో తెలిసికొన్నగాని వినోబా జీవితము అర్థము కాదు.

తల్లి ఒడి, ఊరి దారులు

వినాయక నరహరి భావే 1895 సెప్టెంబరు 11న మహారాష్ట్రలోని గాగోదె గ్రామమున జన్మించెను. ఆ గ్రామము నాటి కొలాబా జిల్లాలోనిది. నేడు దానిని రాయగఢ్ జిల్లా యందురు. తాత శంభూరావు శివభక్తుడు. తండ్రి నరహరిరావు బరోడాలో ఉద్యోగి. శాస్త్రీయదృష్టి, క్రమశిక్షణ గలవాడు. తల్లి రుక్మిణీదేవికి చదువు స్వల్పము, భక్తి అపారము. ఇంట పనసపండు కోసిననాడు మొదటి తొనలు ఇరుగుపొరుగువారికి పంచిరమ్మని ఆమె బాలుని పంపెడిది. ఇంటివారి వంతు ఆ తరువాతనే. ఇచ్చువాడు దేవుడనియు, దాచుకొనువాడు రాక్షసుడనియు ఆమె బిడ్డలకు నేర్పెను. తరువాతి కాలమున వేల గ్రామములలో వినోబా చెప్పిన మాటకు మూలము ఈ పనస తొనలలోనే యున్నది.

బరోడాలో చదువుకొను దినములలో ఆయనకు ప్రియమైనవి రెండు: గ్రంథాలయము, ఊరి వెలుపలి దారులు. మిత్రులను వెంటబెట్టుకొని మైళ్ళ కొలది తిరుగుట ఆయనకు వ్యసనము వంటిది. చెప్పులు లేకుండ, గొడుగు లేకుండ ఎండలో నడచి దేహమును కష్టమునకు అలవాటు చేసికొనెను. బ్రహ్మచర్య వ్రతమును బాల్యముననే పూనెను. తమ్ముళ్ళు బాలకృష్ణ, శివాజీ కూడ తుదివరకు అదే మార్గమున నడచిరి.

1916 మార్చి 25న ఇంటర్మీడియెట్ పరీక్షకై బొంబాయికి బయలుదేరిన వినాయకుడు సూరత్‌లో దిగి, కాశీకి పోవు రైలెక్కెను. అంతకు ముందే తన యోగ్యతాపత్రములను తల్లి పొయ్యిలో వేసి కాల్చియుండెను. ఆయన మనస్సున నాడు రెండు కోరికలు పోరాడుచుండెను. ఒకటి హిమాలయములకు పోయి తపస్సు చేయుట. రెండవది బంగాళమునకు పోయి విప్లవకారులతో కలియుట. కాశీ హిందూ విశ్వవిద్యాలయములో గాంధీజీ చేసిన ప్రసంగమును గూర్చి ఆ నగరమున ఇంకను చెప్పుకొనుచుండిరి. దానిని చదివి ఆయన గాంధీజీకి సందేహములతో లేఖ వ్రాసెను. పిలుపు వచ్చెను. 1916 జూన్ 7న అహమ్మదాబాదులోని కోచరబు ఆశ్రమమున గురుశిష్యులు కలిసికొనిరి. హిమాలయముల శాంతియు, బంగాళపు తేజస్సును ఆయనకు ఒక్క చోటనే దొరికెను. వినోబా అను పేరు ఆ ఆశ్రమముననే స్థిరపడినది.

మరుసటి యేడు ఆయన ఒక సంవత్సరము సెలవు తీసికొనెను. వాయి పట్టణమున ఉపనిషత్తులు, బ్రహ్మసూత్రములు చదివెను. పిదప మహారాష్ట్రలో నాలుగైదు జిల్లాలలో సుమారు 400 మైళ్ళు కాలినడకన తిరిగి, గ్రామములలో గీతను బోధించెను. చెప్పిన గడువు ముగిసిన దినముననే ఆశ్రమమునకు మరలివచ్చెను. ఆయన జీవితములో ఇదియే మొదటి పాదయాత్ర. పండరీపురమునకు నడచిపోవు వార్కరీల నేల అది. జ్ఞానేశ్వరుని, తుకారామును పాడుకొనుచు భక్తులు ఏటేట నడచు దారులవి. నడకను భజనతో ముడివేయు సంప్రదాయము ఆయనకు పుట్టుకతో వచ్చినదే.

గదిలో పది మైళ్ళు

1921 ఏప్రిల్‌లో గాంధీజీ ఆయనను వార్ధా ఆశ్రమమునకు పంపెను. తరువాతి 30 సంవత్సరములు ఎక్కువ భాగము వడుకుటలోను, నేతలోను, పాకీపనిలోను, అధ్యయనములోను గడచెను. సంస్కృత గీత అర్థము కాలేదని తల్లి ఒకప్పుడు చెప్పిన మాటను మరువక, 1930-31లో గీతను మరాఠీ పద్యములుగా వ్రాసెను. దాని పేరు గీతాయి. గీతామాత యని యర్థము. కాని 1918లోనే కన్నుమూసిన ఆ తల్లి దానిని వినలేదు. 1932లో ధూలియా కారాగారమున ఆదివారముల నాడు తోటి ఖైదీలకు ఆయన గీతపై 18 ఉపన్యాసము లిచ్చెను. వానిని సానే గురూజీ వ్రాసి యుంచుటచే లోకమునకు దక్కెను.

ఆయన జైలు జీవితములో ఒక సంగతి మన విషయమునకు మిక్కిలి ముఖ్యమైనది. ఒకసారి ఆయనను ఏకాంత శిక్షగా ఒక చిన్న గదిలో నుంచిరి. ఆ గది పొడవు తొమ్మిది అడుగులు, వెడల్పు ఎనిమిది. చదువుటకు పుస్తకము లేదు, చేయుటకు పని లేదు. ఆయన ఆ దినమును తానే భాగించుకొనెను. ధ్యానమునకు రెండు మూడు గంటలు. నడకకు ఎనిమిది గంటలు. కంఠస్థమైన భక్తిగీతములను పాడుకొనుచు ఆ నాలుగు గోడల మధ్యనే దినమునకు పది మైళ్ళకు తక్కువ కాకుండ నడచుచుండెను. అర్ధరాత్రి కూడ అట్లు నడచుచుండగా కావలివాడు చూచి కలవరపడిన సందర్భము కలదు. ఎచ్చటికిని చేర్చని నడక అది. గమ్యము లేనప్పుడును నడక నిలిచినదన్న, నడచువానికి అది ప్రయాణము కాక ప్రార్థనయైనదని గ్రహింపవలెను.

దేహము మాత్రము ఆయనకు సహకరించలేదు. కడుపులో పుండు, తరచు జ్వరములు. 1938లో బరువు 88 పౌండ్లకు దిగిపోగా, విశ్రాంతి తీసికొనుమని గాంధీజీ ఆజ్ఞాపించెను. వినోబా వార్ధాకు సమీపమున ధామ్ నది ఒడ్డునగల పవనారు చేరెను. నది వంతెన దాటునప్పుడే సమస్త చింతలను వదలితినని సంకల్పించుకొనెను. అక్కడ ఆయన తీసికొన్న విశ్రాంతి యేమనగా, పలుగు పట్టి పొలము త్రవ్వుట. మొదటి దినము కొద్ది నిముషములు. తరువాత క్రమముగా గంటలు. ఏడాది తిరుగకముందే దేహము కోలుకొనెను. ఇది విద్యార్థులు గమనింపదగిన పాఠము. ఆయన దేహమును ద్వేషింపలేదు, లాలింపలేదు. మెల్లమెల్లగా దానిని దాని హద్దుల కావలికి తీసికొనిపోయెను.

1940 అక్టోబరు 17న వ్యక్తి సత్యాగ్రహమునకు తొలి సత్యాగ్రహిగా గాంధీజీ ఎన్నుకొనువరకు దేశమున పలువురకు వినోబా పేరు తెలియదు. క్విట్ ఇండియా ఉద్యమ కాలమున వెల్లూరు కారాగారములో నున్నప్పుడు ఆయన దక్షిణదేశపు నాలుగు భాషలను నేర్చెను. అందు తెలుగొకటి. తెలుగు పల్లెలలో తాను నడువవలసి వచ్చునని అప్పుడు ఆయన ఎరుగడు.

పోచంపల్లి

గాంధీజీ మరణానంతరము ఆయన అనుచరులు సర్వోదయ సమాజముగా ఏర్పడిరి. వారి మూడవ సమ్మేళనము 1951 ఏప్రిల్ 8 నుండి శివరాంపల్లిలో జరుగవలసి యుండెను. వినోబా ఆ కాలమున పవనారులో ధనస్పర్శ లేని జీవితమును సాధన చేయుచుండెను. సమ్మేళనమునకు రాక తప్పదని మిత్రులు పట్టుబట్టగా ఒప్పుకొనెను. కాని డబ్బు విడిచినవాడు రైలు టిక్కెట్టు ఎట్లు కొనును? నడచి వచ్చెదనని చెప్పెను. మార్చి 8న పవనారు విడిచి, త్రోవలో గ్రామ గ్రామమున ఆగుచు, ఒక నెలలో శివరాంపల్లి చేరెను.

నాటి తెలంగాణ స్థితిని నేటి విద్యార్థులు ఊహించుట కష్టము. దొరల గడీలు, వెట్టిచాకిరి, పట్టాలేని సేద్యము. వీనిపై 1946లో రైతాంగము తిరుగబడెను. కమ్యూనిస్టుల నాయకత్వమున సాయుధ పోరాటము సాగెను. 1948 సెప్టెంబరులో భారత సైన్యము వచ్చి నిజాము పాలన ముగిసినను, 1949లో జాగీర్లు రద్దయినను, నల్లగొండ వరంగల్లు జిల్లాలలో తుపాకులు నిద్రపోలేదు. పల్లెవానికి పగలు పోలీసుల భయము, రాత్రి దళముల భయము.

సమ్మేళనము ముగిసిన తరువాత వినోబా పవనారుకు తిన్నగా మరలిపోలేదు. ఏప్రిల్ 15 శ్రీరామనవమి. ఆనాడు హైదరాబాదు కారాగారమున కమ్యూనిస్టు ఖైదీలను చూచి, వారి మాటలు విని, ఆ ప్రాంతములలోనికే నడక సాగించెను. ఆయన చేత ఆయుధము లేదు, జేబులో డబ్బు లేదు. పరిష్కార మేదియు ముందుగా సిద్ధపరచుకొన్నదియు లేదు. ప్రజలను చూడవలెను, వారి కష్టము వినవలెను, అంతియే.

ఏప్రిల్ 18న నల్లగొండ జిల్లా పోచంపల్లి చేరెను. దళితవాడకు పోయి కష్టసుఖములు విచారించెను. అక్కడ నలువది కుటుంబములుండెను. సెంటు భూమి లేదు. 40 ఎకరముల తరి, 40 ఎకరముల ఖుష్కి, మొత్తము 80 ఎకరములున్నచో తాము కష్టించి బ్రతుకగలమని వారు చెప్పిరి. ప్రభుత్వమునకు వ్రాసెదనని మొదట వినోబా తలంచెను. అంతలో ఏమి తోచినదో, అక్కడ చేరిన ఊరివారి వైపు తిరిగి, ప్రభుత్వము నుండి వచ్చులోపల మీలో ఎవరైన వీరికి సాయపడగలరా యని యడిగెను. వెదిరె రామచంద్రారెడ్డి లేచి, తన భూమిలో 100 ఎకరములు ఇచ్చెదనని ప్రకటించెను. పేదలకు కొంత భూమి నియ్యవలెనని ఆయన తండ్రికి కోరిక యుండెనట.

ఆ రాత్రి వినోబాకు సరిగా నిద్ర పట్టలేదు. జరిగినది యాదృచ్ఛికమా, దైవసంకేతమా? దేశములోని భూమిలేని వారందరికి ఐదు కోట్ల ఎకరములు కావలెను. అంత భూమి అడిగి తెచ్చుట మనిషికి సాధ్యమా? లెక్కలు ఆయనను భయపెట్టినవి; విశ్వాసము ముందుకు నెట్టినది. మరునాడు మరియొక ఊరిలో అడిగెను. అక్కడను దొరికెను. ఆనాటి నుండి ఆయన వాదము చాల సరళమైనది. ఇంట ఐదుగురు కొడుకులున్నచో, తనను ఆరవ కొడుకుగా ఎంచి ఆరవ వంతు భూమిని దరిద్రనారాయణుని కొరకు ఇమ్మనెను. తెలంగాణలో 51 దినములలో సుమారు 200 గ్రామములు తిరుగగా 12,201 ఎకరములు వచ్చెను. దాతలలో వందల ఎకరములవారితో పాటు గుంటలలో లెక్కించుకొను పేదరైతులును ఉండిరి.

ఇచ్చినవారందరును ప్రేమతోనే ఇచ్చిరనుట సత్యము కాదు. సాయుధ పోరాటము పుట్టించిన భయము కూడ కొందరి చేతులు సడలించినది. విమర్శకులు ఈ మాట అప్పుడే అనిరి. ఐనను భయముతో విడుచుటకును, ఎదుట నిలిచిన మనిషి కన్నులలోనికి చూచి ఇచ్చుటకును భేదమున్నది. ఆ భేదమును కాపాడుటకే వినోబా ప్రతి ఊరికి తానే నడచి పోయెను.

నడక దినచర్య

1951 సెప్టెంబరు 12న ప్రణాళికా సంఘముతో చర్చలకై నెహ్రూ పిలువగా వినోబా ఢిల్లీకి బయలుదేరెను. రైలు కాదు, విమానము కాదు. సుమారు 800 మైళ్ళు, రెండు నెలలు. దేశప్రధాని పిలుపును మన్నించెను గాని, తన నడక వేగమును మాత్రము మార్చుకొనలేదు.

ఆయన దినచర్య ఎట్టిదనగా: తెల్లవారుజామున మూడు గంటలకు లేచును. ప్రార్థన చేయును. చీకటి విడువకముందే లాంతరు వెలుతురులో బయలుదేరును. దినమునకు పది పన్నెండు మైళ్ళు. కొంతదూరము మౌనము, కొంతదూరము సంభాషణ. వెంట నడచువారిలో పండితులుందురు, పాలేరులుందురు, విదేశీయులుందురు. ఆయన వడి మిక్కిలి ఎక్కువ. యువకులు సైతము వెనుకబడుచుండిరి. కడుపు పుండుచేత ఆహారము పాలు, పెరుగు, తేనె వంటివి మాత్రమే, అవియు కొలతతో. ఊరు చేరిన పిదప గ్రామములో తిరుగుట, సాయంకాలము సభ, ప్రార్థన, పెందలకడ నిద్ర. మరునాడు మరియొక ఊరు. ఎండకు ఆగలేదు, వానకు ఆగలేదు, మన్యపు జ్వరములకు వెనుదీయలేదు.

త్వరగా పోదలచిన వాహనము లుండగా నడక యెందుకని పలువురు ఆయన నడిగిరి. వాహనము ఊళ్ళను దాటిపోవును. నడక ఊళ్ళలోనికి పోవును. నడచువాడు దారిలో కనిపించిన బావిని, బీడును, బక్కచిక్కిన ఎద్దును చూచును. కూలివానితో అతని వేగముననే మాటలాడును. పరివ్రాజకుడు ఒక చోట నిలువరాదను ప్రాచీన నియమము కూడ ఆయన మనస్సున నుండెను. కాలడి నుండి కేదారము వరకు నడచిన శంకరులు, నలువది ఐదేండ్లు నడచి బోధించిన బుద్ధుడు ఆయన ఎదుట నిలిచిన ఆదర్శములు.

పరీక్షలు

1952 చివర బీహారులోని చాండిల్ అను చోట విషజ్వరము సోకి, వినోబా మృత్యుముఖము వరకు పోయెను. మందు ముట్టనని మొదట పట్టుపట్టెను. మిత్రులును, దేశనాయకులును వేడుకొనగా చివరకు ఒప్పుకొనెను. తన పట్టుదల కంటె ఇతరుల ఆర్తి గొప్పదని ఒప్పుకొనుట కూడ తన్ను తాను దాటుటయే. కోలుకొనగానే మరల నడచెను. 1953 సెప్టెంబరులో దేవఘర్ వైద్యనాథ క్షేత్రమున దళితులను వెంటబెట్టుకొని ఆలయమునకు పోగా, ఛాందసులు ఆయనపై చేయి చేసికొనిరి. ఆ దెబ్బతో ఒక చెవి వినికిడి పోయెను. కొట్టినవారిని శిక్షింపవద్దని కోరి, ముందటి ఊరికి సాగెను. బీహారులో రెండేండ్లకు పైగా నడచి, ఇరువది లక్షల ఎకరములకు మించి దానము పొందెను.

ఒరిస్సాలోని కోరాపుట్ అడవులలో గ్రామములకు గ్రామములే భూమి నంతను ఉమ్మడిచేయు గ్రామదానమునకు ముందుకు వచ్చెను. అక్కడి నుండి 1955 అక్టోబరులో శ్రీకాకుళము మీదుగా తెలుగునాట ప్రవేశించి, 1956 వేసవి వరకు మన జిల్లాలలో తిరిగెను. 1957 ఏప్రిల్‌లో కన్యాకుమారి సముద్రము ఎదుట నిలిచి, గ్రామ స్వరాజ్యము సిద్ధించువరకు తన యాత్ర ఆగదని సంకల్పము చెప్పుకొనెను. 1958లో పండరీపురమున అన్యమతస్థులతో కలిసి విఠోబాను దర్శించెను. చిన్నతనము నుండి కొలిచిన దైవమును ఆయన దర్శించినది అప్పుడే; అదియు అందరితో కలిసి.

1959లో కాశ్మీరునకు పోవు దారిలో పీర్‌పంజాల్ పర్వతము అడ్డుపడెను. వానలచే దారి తెగి, కొన్ని దినములు ఆగవలసి వచ్చెను. పర్వతము దాటలేకపోయినచో కాశ్మీరమున ప్రవేశింపకుండుటయే దైవాజ్ఞయని భావించి మరలిపోయెదనని ఆయన నిశ్చయించుకొనెను. వాన వెలిసెను. 64వ యేట, అంతంతమాత్రపు ఆరోగ్యముతో, 13 వేల అడుగులకు పైబడిన కనుమను కాలినడకన దాటెను. 1960 మే నెలలో చంబల్ లోయలో ఇరువది మంది బందిపోట్లు ఆయుధములు తెచ్చి ఆయన పాదముల చెంత నుంచిరి. 1962 సెప్టెంబరులో తూర్పు పాకిస్తానములో 16 దినములు నడచెను. ఆ దేశపు రైతులును భూమి నిచ్చిరి. 1964 ఏప్రిల్ 10న పవనారు చేరునప్పటికి ఆయన నడచినది ముప్పది వేల మైళ్ళకు పైగానే.

తన్ను తాను దాటుట

దేహమును అలసట అంచునకు తీసికొనిపోయి, ఆ అంచున ఆత్మను వెదకు సాధన ఇతర దేశములలోను కలదు. జపానులో హియే పర్వతముపై నుండు తెందాయి బౌద్ధ సన్న్యాసులలో కొందరు ఏడేండ్ల కాలములో వేయి దినములు కొండదారుల వెంట నడచు కఠిన వ్రతమును ఆచరింతురు. ఒక దశలో దినమునకు ఏబది మైళ్ళకు పైగా నడువవలసి యుండును. ప్రతి దేవస్థానము కడను, పవిత్ర వృక్షము కడను ఆగి మ్రొక్కవలెను. బంగాళమున పుట్టి న్యూయార్కులో నివసించిన శ్రీ చిన్మయుడు దూరపు పరుగునే ధ్యానముగా బోధించెను. ఆయన 1997లో నెలకొల్పిన పరుగుపందెము దూరము 3,100 మైళ్ళు. గడువు 52 దినములు. పరుగెత్తువారు ఒకే వీధిచుట్టు వేలసార్లు తిరుగుదురు. అక్కడ ఓడింపవలసినది ప్రక్కవానిని కాదు, నిన్నటి తన్ను.

వినోబా నడక ఈ కోవలోనిదే. ఇరుకు గదిలో ఎచ్చటికిని చేరకుండ నడచిననాడు ఆయన సాధన వారి సాధనయే. కాని శివరాంపల్లి తరువాత ఆ నడకకు మరియొక కొస కలిసెను. ప్రతిదినము అది పరుల గుమ్మము కడ ముగిసెను. అలసిన దేహమును దాటుట సగము మాత్రమే. నాది యను భావమును దాటుట మిగిలిన సగము. తాను దానిని దాటుటయే గాక, ఎదుటివానిని కూడ దాటుమని చేయిచాచి యడుగుట ఆయన విశేషము. అడుగువాడు ముందుగా అహంకారమును విడువవలెను. ఆచార్యుడు యాచకుడు కావలెను. ఆయన నడకలో కఠినమైన భాగము పీర్‌పంజాల్ కాదు. కాదన్నవాని గుమ్మము నుండి కోపము లేక మరలుటయే.

లెక్క

ఇంతటి నడక ఏమి సాధించినదని అడుగువారికి సమాధానము చెప్పవలెను. ఐదు కోట్ల ఎకరముల లక్ష్యము నెరవేరలేదు. 1960ల చివరి లెక్కలలో దానముగా చూపబడినది సుమారు 42 లక్షల ఎకరములు. అందు నాటికి పంచినది సుమారు 12 లక్షలు. మిగిలినదానిలో చాల భాగము రాతినేల, బీడు, వ్యాజ్యములలో చిక్కినది, దాతయే మరల ఆక్రమించినది. దానపత్రముపై వ్రాలు చేయుట సులభము. పట్టా చేతికి వచ్చుట కష్టము. వినోబా ఒక ఊరు విడిచి మరియొక ఊరికి పోయిన తరువాత వెనుక మిగిలిన పనిని పూర్తిచేయువారు చాలలేదు. దినమున కొక ఊరుగా సాగు నడకకు గల సహజమైన లోప మిది.

1965 తరువాత బీహారులో గ్రామదానమును తుపాను వేగమున నడుపదలచి ఆయన మోటారుకారెక్కెను. వయస్సు డెబ్బది. గ్రామదానముల సంఖ్య వేలకు వేలు పెరిగెను. కాని వానిలో చాలవరకు కాగితముపైననే నిలిచిపోయెను. నడచిన కాలమున ఎకరములు నెమ్మదిగా వచ్చెను. వచ్చినవానిలో కొన్నియైన నాగలి క్రిందికి పోయెను. వేగము పెరిగినప్పుడు లెక్క పెరిగినది, వేరు తగ్గినది. నడకను గూర్చి వినోబా తొలుత నమ్మినదే సత్యమని ఆయన కారు ప్రయాణమే ఋజువు చేసినది.

1970లో ఆయన పవనారు విడువనని క్షేత్రసన్న్యాసము స్వీకరించెను. దేశమంతయు తిరిగిన పాదములు ఆశ్రమ ప్రాంగణమునకు పరిమితమయ్యెను. అక్కడ రోజూ కొంతసేపు చెత్త యేరుట, నేల శుభ్రపరచుట ఆయనకు పూజయయ్యెను. 1975 అత్యవసర పరిస్థితి కాలమున ఆయన వైఖరిని ఎందరో తీవ్రముగా విమర్శించిరి. తన కొరకు జీవితమునే ధారపోసిన జయప్రకాశ నారాయణుడు కారాగారమున నుండగా గురువు గొంతు గట్టిగా వినరాలేదని బాధపడినవారు కలరు. ఆ బాధ నిరాధారము కాదు. మహాపురుషుల చరిత్రను వ్రాయునప్పుడు వారి మౌనములను కూడ వ్రాయవలెను.

1982 నవంబరు ఆరంభమున గుండెజబ్బు సోకగా, దేహము పని ముగిసినదని గ్రహించి ఆహారము, నీరు, ఔషధము విడిచెను. నవంబరు 15న, దీపావళినాడు, ధామ్ నది ఒడ్డుననే కన్నుమూసెను. మరుసటి సంవత్సరము ప్రభుత్వము భారతరత్న బిరుదము నిచ్చెను.

పోచంపల్లి పేరు నేడు భూదాన్ పోచంపల్లి. తెలుగుదేశమున ఒక ఊరి పేరు ముందర రాజు పేరు, దొర పేరు, దేవుని పేరు ఉండుట కలదు. ఒక పని పేరు ఉండుట అరుదు. లక్షల ఎకరముల లెక్కలో వినోబా ఓడిపోయినట్లు కనిపింపవచ్చును. కాని భూమి కొరకు రక్తము పారుచున్న కాలమున, ఒక రోగిష్ఠి దేహము ఊరూర నడచిపోయి, భూమిని అడిగి తీసికొనవచ్చునని చూపెను. బడికి పోవు పిల్లలకు మనము పరుగుపందెములు నేర్పుచున్నాము; అది మంచిదే. పరుగు చివర గెలుపు గీత యుండును. ఆ గీతకు ఆవల నిలిచియున్న నిరుపేద వాకిలి వరకు కూడ నాలుగడుగులు వేయవలెనని నేర్పినప్పుడు, వారికి వినోబా జీవితము బోధించినట్లగును.